దయ్యము పట్టుటయు బాణామతి చేయుటయు

ఆంధ్రభాషయందు దయ్యమను పదమునకు నేడు భూతమనియే యర్థము. కవిత్రయభారతమును బాలురకు బోధించు పండితులకు మాత్ర మీపదము మఱియొక రూపున తారసిల్లుచుండును. అచ్చట దయ్యమనగా దైవము. సందర్భమునుబట్టి విధి యనియు దేవుడనియు చెప్పవలసివచ్చును. దైవశబ్దమునకు తద్భవమైన యీమాట కాలక్రమమున కోవెల విడిచి చింతచెట్టెక్కినది. కన్నడమున భూతమునకు పేరైన 'దెవ్వ' యను మాటకును దేవశబ్దముతోడనే చుట్టఱికము. ఇరుగుపొరుగు భాషలు రెండింట నొక్కతీరున నర్థము దిగజారుట కాకతాళీయమని త్రోసివేయదగినది కాదు.

ఈ దిగజారుటనే సిద్ధాంతముగా జేసి జపానుదేశపు భూతగాథల నన్నిటిని దానితో వ్యాఖ్యానింపజూచినవాడు యానగితా కునియో (1875–1962). ఆదేశమున వింతప్రాణులను, జడిపించు రూపములను, నదీభూతములను, కొండభూతములను కలిపి 'యోకాయి' యందురు. తోరియామా సెకియెన్ అను చిత్రకారుడు 1776లో వానికి రూపములు గీచి యచ్చొత్తించెను. లఫ్కాడియో హెర్న్ 1904లో 'క్వైదాన్' అను నాంగ్లగ్రంథమున నట్టి కథలు కొన్ని లోకమునకు పరిచయము చేసెను. యానగితా మార్గము వేఱు. అతడు 1910లో తోనో యను పల్లెసీమ కథలను, ఆసీమవాడే చెప్పగా విని, చెప్పినవానినుడికి దగ్గఱగా వ్రాసికొనెను. పిదప 1956లో వెలువడిన 'యోకాయి దాంగి' యను వ్యాససంపుటమున తన సిద్ధాంతమును స్థిరపఱచెను. యోకాయి యనబడునవి మొదట దేవతలే. పూజ తప్పి, భక్తి సన్నగిల్లి, పదవీభ్రష్టులై యిట్లయిరని యాతని మతము. అతనికి ముఖ్యనిదర్శనము కప్ప (ఇది జపానుమాట, మన మండూకము గాదు). ఇది పిల్లవానియంత యుండి యేటిమడుగులలో వసించు నొక భూతము. దాని నడినెత్తిన పళ్లెమువంటి గుంటయు, అందు నీరును నుండును, బలమంతయు నానీటిలోనిదే. ఎదుటివాడు వంగి నమస్కరించినచో మర్యాదకు తానును వంగును, నీరొలికిపోవును, అంతటితో నది నిర్వీర్యము. గుఱ్ఱములను మడుగులోని కీడ్చునని దానికి జడియుచునే, దోసకాయ లిచ్చి దానిని శాంతింపజేయుదురు. ఆ దోసకాయలు పూర్వము జలదేవత కర్పించిన నైవేద్యపు శేషమని యానగితా వాదించెను.

తెలుగువారి కీసిద్ధాంతము వినగానే రుచించును. జపానువారు కథలు ప్రోగుచేసి యూహింపవలసివచ్చిన దానిని మన నిఘంటు వొక్క పదముతో ఋజువు చేయుచున్నదిగదా! కాని పదచరిత్ర వేఱు, నమ్మకముయొక్క చరిత్ర వేఱు. పేరు దిగజారినంతమాత్రమున పేరుగలవాడు దిగజారినట్లు కాదు. అమరసింహుడు పిశాచమును భూతమును గూడ విద్యాధరాప్సరోయక్షులతోపాటు దేవయోనులలోనే లెక్కించెను; అక్కడ పతన మేమియు లేదు, పుట్టుకయే యట్టిది.

జపానులో గూడ నీమతమున కాక్షేపణ పుట్టినది. కొమాత్సు కజుహికో యను తరువాతితరపు పండితుడు దైవమునుండి భూతమునకు దారి యొకవైపే సాగదనియు, పూజనందినది దేవతగను, పూజలేనిది యోకాయిగను నుండుననియు, ఒకటే శక్తి యిటునటు మాఱుచుండుననియు చూపెను. సుగవారా మిచిజానె కథ యిందుకు చాలిన సాక్ష్యము. అతడు రాజసభలో గొప్ప విద్వాంసుడు. దూరదేశమునకు త్రోలబడి 903లో మరణించెను. ఆవెనుక రాజధానిలో మరణములును పిడుగుపాటులును సంభవింపగా నవి యాతని పగయని జడిసి, 947లో కితానో యనుచోట నాతనికి గుడి నిలిపిరి. నేడు పరీక్షలకు బోవు బాలురు మ్రొక్కుకొను దేవు డాతడే. బడిపంతుళ్లకు భూతములలో నింతకంటె నాప్తుడు దొరకడు.

ఆంధ్రదేశమునను ఈరెండవదారి తెలియనిది కాదు. అకాలమున మృతినొందిన పుణ్యస్త్రీలు పేరంటాండ్రై కొలువందుదురు. పలనాటి పోరున గూలిన వీరులకు కారెంపూడిలో గుడియు, ఏటేట కార్తికమున నుత్సవమును గలవు. చనిపోయి పీడింపదగిన వా రాదరము నంది కాపాడువారైరి. ఇట్లు గుడినుండి చెట్టునకును, చెట్టునుండి గుడికిని రాకపోకలు గలవని యంగీకరింపవలసియున్నది.

అయినను యానగితా మార్గముగాని కొమాత్సు మార్గముగాని ముట్టని దొకటి మిగిలియున్నది. దానిని చూచుటకు నామవాచకములను విడిచి క్రియలను గమనింపవలెను. పల్లెపట్టుల గ్రామదేవత యొకరిమీదికి 'వచ్చును'. దయ్యము 'పట్టును'. చేతబడి యన్ననో, అది రాదు, పట్టదు, దానిని 'చేయుదురు'. మొదటి రెండు వాక్యములకు కర్త మనుష్యుడు గాడు. మూడవదానికి మనుష్యుడే కర్త. అందును బ్రదికియున్నవాడు, తఱచుగా నాయూరివాడు.

ఈ మూడవక్రియకు పుట్టినిల్లని చెప్పదగిన సీమలలో నారాయణఖేడ మొకటి. మంజీరానది కనతిదూరమున నున్న యీతాలూకా హైదరాబాదు సంస్థానకాలమునుండి బీదరుజిల్లాలోనిదై, 1956లో భాషారాష్ట్రము లేర్పడినపుడు మెదకుజిల్లాలో చేరి, 2016నుండి సంగారెడ్డిజిల్లాలోనిదైనది. ఊరిపేరులోని 'ఖేడ' మరాఠీవారు పల్లెకు వాడుకచేయు మాటయే. సంస్కృతపు ఖేటశబ్ద మచ్చటచ్చట నిట్లు నిలిచియున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ యొకే యంగడిలో వినవచ్చు నీసరిహద్దున చేతబడికి 'బాణామతి' యని పేరు. బీదరు, గుల్బర్గా సీమలలోను నిదే మాట; మరాఠీలో 'భానామతీ'. ఇంటిమీద రాళ్లు పడుట, పెట్టెలోని చీరలంటుకొనుట, వండిన కూడు మైలపడుట, ఒంటిపై గీతలు తేలుట, ఆడువారు కుక్కలవలె మొఱుగుట దాని లక్షణములని చెప్పుకొందురు.

ఈ పేరును బాణము, మతి యని విడదీసి 'బాణమువలె నాటు బుద్ధి' యని యర్థము చెప్పుట వ్యుత్పత్తిపేర జరుగు చమత్కారమేకాని వేఱుగాదు. హిందీలో 'భానుమతీ కా పిటారా' యను నానుడియు, వంగభాషలో గారడికి 'భానుమతీర్ ఖేల్' అను పేరును గలవు. మరాఠీరూపమున మొదటి యక్షరము మహాప్రాణమగుట తలచినచో, బాణముకంటె నాగారడికత్తె భానుమతియే యీమాటకు దగ్గఱ. కనికట్టుచేసి నలుగురిని నవ్వించు విద్యపేరు పొరుగువారి ప్రాణముమీదికి వచ్చు నేరమునకు పేరైనదన్నమాట.

ఇంతకంటె విలువైన సంగతి మూడుభాషల పర్యాయపదములలో నున్నది. కన్నడమున క్షుద్రప్రయోగమునకు 'మాట' యందురు. అది మాడుధాతువునుండి, అనగా చేయుటనుండి, పుట్టినది. మరాఠీలో 'కరణీ' యందురు, అదియు చేయుటయే. తెలుగు చేతబడిలో చేత కలదు. సంస్కృతమున 'కృత్య' కలదు. నాలుగుభాషలును దీనిని భూతమని పేర్కొనక పని యని పేర్కొన్నవి. పని యున్నచో చేసినవా డుండవలెను. ఈ వ్యాకరణమే యీనమ్మకమున కంతటికి నడుము.

పురాణకవులకు కృత్య తెలియనిది కాదు. పోతన భాగవతమున దుర్వాసు డంబరీషునిపై కృత్యను ప్రయోగించెను. కాశీరాజపుత్రుడైన సుదక్షిణు డభిచారహోమము చేసి ద్వారకమీదికి కృత్యను పంపెను. భారతమున విశ్వామిత్రుడు కింకరుడను రాక్షసుని కల్మాషపాదునిలో ప్రవేశింపజేసెను. ఈమూడుకథలలోను రెండు సామాన్యలక్షణములు గలవు. పంపినవాడు బలవంతుడు: ఒకడు మహర్షి, ఒకడు రాజపుత్రుడు, ఒకడు రాజర్షి. మఱియు నాతడు పంపుట పాఠకుని కన్నులయెదుట జరుగును, ఊహింప బనిలేదు. మూట విప్పినట్లు కవి కర్తను ముందుగా చూపి పిమ్మట క్రియ జెప్పును. పర్యవసానమును న్యాయమైనదియే. సుదక్షిణుని కృత్య యతనినే కాల్చినది. దుర్వాసుని చక్రము తఱుమగా, బాధింపబడిన యంబరీషుడే యొక్కయేడు నిరాహారుడై నిలిచి యతనికొఱకు ప్రార్థించెను. భాగవతమును చదువు బాలుర కీఘట్టమున చక్రమహిమ మాత్రము బోధింపబడుచున్నది. పీడితుడు ప్రయోక్తను విడిపించుట కంటిక యానదు.

పల్లెలో నీక్రమము తలక్రిందగును. అచ్చట మొదట కనబడునది ఫలము: జ్వరమో, మూర్ఛయో, పశునష్టమో. చేసినవానిని చూచినవారు లేరు. అందువలన కర్తను వెదకవలసివచ్చును. వెదకినపుడు చేయి బలవంతునివైపు పోదు. ఒంటరిముసలిది, విధవ, నడుమ సరిహద్దుతగవున్న బీదవాడు, ఊరిచివర నుండువాడు, వీరిమీదనే తఱచుగా నిలుచును. మంత్రమునుచ్చరింపకుండ పండ్లూడగొట్టుట, చెట్టునకు గట్టి కొట్టుట, కాల్చుట యీపట్టుల జరిగిన ఘోరములు; వినికిడికథలు గావు. కావ్యమునందలి కృత్య పురోహితుని హోమగుండమునుండి పుట్టగా, పల్లెలోని బాణామతి పొరుగువారి యనుమానమునుండి పుట్టుచున్నది.

ఆముక్తమాల్యదలోని మాలదాసరికథతో పోల్చినచో నీభేదము మఱింత స్పష్టమగును. అందలి బ్రహ్మరాక్షసుడు కుంభజానుడు వట్టి జడుపుబొమ్మ కాడు. వానికి పేరు కలదు, పూర్వజన్మమున సోమశర్మయను బ్రాహ్మణునిగా నున్న కథ కలదు, ఆకలి కలదు, వాగ్వాదము చేయు నేర్పు కలదు. వానిని విడిపించునది మాలదాసరి పాటఫలము. కృష్ణరాయలు రాక్షసుని భయంకరరూపమును వర్ణించుటలో జూపిన పాటవమును విమర్శకులు కొనియాడుచుందురు, అది న్యాయమే. అంతకు మిక్కిలియైన గుణము వాడు తన కథను తానే చెప్పుకొనుట. దయ్యమునకు నోరిచ్చిన కవి యాతడు. దయ్యము పట్టినవానిని భూతవైద్యుడు 'ఎవడవు, ఎందుకు వచ్చితివి' యని యడుగుటయు నీమర్యాదలోనిదే. బాణామతి విషయమున మాత్ర మడుగునది దయ్యమును గాదు, బాధితుని, ఏమని? 'ఎవరు చేసిరి' యని. నింద మోసినవారి నోట పలుకు వినువారు లేరు. పైగా పండ్లే యూడబెఱుకుదురు.

జపానులో దీనికి సరియైన యుపమానము కప్పలోగాక నక్కలో దొరకును. అచ్చటను క్రియలు రెండు: నక్క 'త్సుకు', అనగా అంటుకొనును, కొన్ని కుటుంబములు నక్కలను 'మొత్సు', అనగా కలిగియుండును. ఇజుమోసీమలో నక్కలు గల యిండ్లని పేరుపడిన కుటుంబములతో పెండ్లిసంబంధములు చేయకుండుటను హెర్న్ 1894లోనే వ్రాసెను. షికోకుద్వీపమున కుక్కభూతముపేర నిదే వెలి. అట్టి యొక కుటుంబమున బుట్టిన హయామి యసుతకా యను పరిశోధకు డీనిందకు చరిత్ర వెదకి, పదునెనిమిదవ శతాబ్దిప్రాంతమున క్రొత్తగా ధనము కూడబెట్టినవారిమీద పాతకాపుల యసూయ యీరూపు దాల్చెనని నిరూపింపజూచెను. మన సీమలో బడుగుపై పడునది యక్కడ కలిగినవానిపై పడినది. లక్ష్యము వేఱైనను వ్యాకరణ మొక్కటియే. యానగితా దేవతాపతనసిద్ధాంతము నక్కలయిండ్ల యాడపిల్లకు పెండ్లి యేల కాదో చెప్పజాలదు.

నిందమోసినవారి వైపునుండి చూచుట సాహిత్యమునకు కొత్తగాదు. పదునొకండవ శతాబ్దిలో మురసకి షికిబు రచించిన గెంజికథలో రొకుజో యను నాయిక యాత్మ, ఆమె యెఱుగకయే, సపత్నిని పీడించును. రోగియొద్ద హోమమున వేల్చిన గసగసాల వాసన తన చీరలకు జుట్టునకు నంటియుండుట గనియే యామెకు తన చేత తెలియును. ఎన్నిమారులు కడిగినను పోదు. చేసినదని లోక మనువాని హృదయములో నిలిచి చెప్పిన కథ యిది.

ఆంధ్రమున నీవిషయమున పనిచేయువారి కొక చిన్నసవరణ యవసరము. నిఘంటువున బాణామతి కెదురుగా 'క్షుద్రవిద్య' యని మాత్రమే వ్రాసినచో నావిద్య యున్నట్లును, నేర్చినవారున్నట్లును కోశకారుడే సాక్ష్యమిచ్చినవాడగును. 'ఇతరులు చేసిరని నమ్మబడు పీడ' యనుట సత్యము. మహారాష్ట్రమున నరేంద్ర దాభోల్కరు హత్యకు పిదప 2013లోను, కర్ణాటకమున 2017లోను చేయబడిన శాసనము లింతకంటె సూక్ష్మముగా నున్నవి. ఫలానావారు క్షుద్రము చేయుదురని యొకరిపై నెపము మోపి బాధించుటను గూడ నవి నేరముగా నెంచినవి. మంత్రమునేగాక కర్తృపదమును గూడ శిక్షించిన శాసనములని వానిని చెప్పవచ్చును.

కథలు సేకరించువారు నారాయణఖేడపు పల్లెలలో మొదట వినునది 'చేసిండ్రు' అను మాట. బహువచనము, కర్త లేదు. కొన్నినాళ్లకు, తఱచుగా భూతవైద్యుని యింటినుండి తిరిగివచ్చిన పిమ్మట, ఆవాక్యమునకు కర్త చేరును. ఎన్నవనాడు చేరినది, ఎవరి నోట చేరినది, ఆపేరుగలవారికిని పేరు చెప్పినవారికిని నడుమ నెట్టి భూమితగవు, ఎట్టి యప్పు, ఎట్టి పెండ్లిమాట యుండినది, ఆపేరుగలవా రేమనిరి, ఇవి కథప్రక్కనే వ్రాసికొనవలసిన విషయములు.