పేరు పోయింది, బొమ్మ మిగిలింది

ఫిల్మ్‌ఫేర్ బహుమతి అనగానే చేతులు పైకెత్తి నాట్యభంగిమలో నిలబడ్డ స్త్రీ బొమ్మ గుర్తొస్తుంది. దాన్ని ముద్దుగా ‘బ్లాక్ లేడీ’ అంటారు. మొదట్లో ఈ బహుమతులకి నిజంగా ఒక స్త్రీ పేరే ఉండేదన్న సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’లో సినిమా సమీక్షలు రాసిన క్లేర్ మెండోన్సా పేరు మీద వీటిని ‘క్లేర్స్’ అనేవారు. సినిమాల మీద తీర్పు చెప్పిన స్త్రీ పేరు మరుగున పడింది. పేరులేని స్త్రీ దేహం మాత్రం మిగిలింది. ఇది యాదృచ్ఛికమని నేననుకోను.

మొదటి సభ 1954 మార్చి 21న బొంబాయి మెట్రో థియేటర్లో జరిగింది. ఇచ్చినవి అయిదే బహుమతులు: చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, సంగీత దర్శకుడు. ‘బైజు బావ్రా’కి మీనాకుమారి, నౌషాద్ అందుకున్నారు. అందులో పాడినవాళ్ళకి ఆ పట్టికలో చోటే లేదు. గాయనిని కనబడకుండా చెయ్యడం పరిశ్రమకి కొత్తేం కాదు. 1949 నాటి ‘మహల్’ పాట రికార్డు మీద గాయని పేరున్న చోట ‘కామిని’ అని పాత్ర పేరే వేశారు. పాడింది లతా మంగేష్కర్.

1957లో ఈ పట్టికకి రెండు తిరస్కారాలు ఎదురయ్యాయి. ‘చోరీ చోరీ’కి శంకర్-జైకిషన్‌లకి సంగీత బహుమతి వచ్చింది. అందులోని పాటని సభలో పాడమంటే లత ఒప్పుకోలేదు. గాయకులకి బహుమతి లేనప్పుడు గాయని గొంతెందుకన్నది ఆమె వాదన సారం. అదే ఏడు హిందీ ‘దేవదాస్’లో చంద్రముఖి పాత్రకి వైజయంతిమాలని ఉత్తమ సహాయ నటిగా ప్రకటించారు. తనది సుచిత్రాసేన్ వేసిన పార్వతితో సమానమైన పాత్రేనంటూ ఆమె బహుమతి తీసుకోలేదు.

‘సహాయ నటి’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పార్వతి గృహిణి, చంద్రముఖి వేశ్య. ఎవరు ఎవరికి సహాయం? వైజయంతిమాల తన నటన గురించే మాట్లాడి ఉండొచ్చు. నాకు మాత్రం ఆ తిరస్కారంలో కులస్త్రీ-వేశ్య విభజన మీద కూడా ప్రశ్న వినిపిస్తుంది. మన ‘దేవదాసు’ (1953) అనగానే సావిత్రిని తలుచుకునే మనం చంద్రముఖిగా వేసిన లలితని ఎన్నిసార్లు తలుచుకున్నాం?

1959లో నేపథ్యగానానికి బహుమతి పెట్టారు. మొదటిది ‘మధుమతి’ పాటకి లతకే వచ్చింది. ఆ సభలోనే వైజయంతిమాల ‘సాధన’కి ఉత్తమ నటి అయింది. అందులోనూ ఆమెది వేశ్య పాత్రే!

దీన్ని పూర్తి విజయమనలేను. వాళ్ళిద్దరూ అప్పటికే తారలు కాబట్టి వాళ్ళ ‘కాదు’ వినబడింది. బృందగానంలో గొంతు కలిపిన స్త్రీలు, గుంపులో నాట్యమాడిన స్త్రీలు కాదన్నా ఎవరు వింటారు? అందుకే అవార్డుల చరిత్ర రాసేటప్పుడు విజేతల జాబితాతో పాటు విభాగాల పట్టికని కూడా చదవాలి. ‘ఉత్తమ రచయిత్రి’ అని మనల్ని విడిగా పిలిచి శాలువా కప్పినప్పుడు కూడా ఆ పట్టిక ఎవరు తయారుచేశారో అడగాలి.