పద్యనాటకంలో హార్మోనియం – నాటకాభిమానుల కృషి : ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పద్యనాటక విమర్శ నటుని గాత్రం చుట్టూ, కవి పద్యం చుట్టూ పెరిగింది. ఆ రెంటినీ కలిపే హార్మోనియాన్ని పక్కవాద్యంగానే లెక్కించింది. పాశ్చాత్య దేశాలలో సినిమాహాళ్ల కోసం నిర్మించిన థియేటర్ ఆర్గాన్‌ను, దాని అభిమానులు నడుపుతున్న కచేరీలను పోలికగా తీసుకొని, పద్యనాటక రంగస్థలంపై హార్మోనియం నిర్వహించే పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది. నాటకాభిమానులు దేనిని కాపాడారో, దేనిని విస్మరించారో చర్చిస్తుంది.

కీలకపదాలు: పద్యనాటకం, హార్మోనియం, శ్రుతి, కాంట్రాక్టు నాటకం, పరిషత్తు, థియేటర్ ఆర్గాన్.

1. ఉపోద్ఘాతం

మూకీ చిత్రాల కాలంలో వాద్యబృందం చేయవలసిన పనిని ఒక్క వాదకునిచేత చేయించడానికి థియేటర్ ఆర్గాన్ వాడుకలోకి వచ్చింది. రాబర్ట్ హోప్-జోన్స్ రూపకల్పనల ఆధారంగా అమెరికాలోని వుర్లిట్జర్ సంస్థ ఇటువంటి వాద్యాలను రెండువేలకు పైగా తయారుచేసింది. టాకీలు రావడంతో వాటికి పని తప్పింది. హాళ్లు కూల్చేటప్పుడు కొన్ని వాద్యాలను అభిమానులు కొని, విడదీసి, మరమ్మతు చేసి, మళ్లీ నిలబెట్టారు. 1955లో ఏర్పడిన అమెరికన్ థియేటర్ ఆర్గాన్ సొసైటీ ఈ ఉద్యమానికి సంస్థాగత రూపమిచ్చింది. ఆ అభిమానులు తాము కాపాడిన వాద్యాన్నే కచేరీకి కేంద్రం చేశారు.

తెలుగు నాటకరంగంలో దీనికి దగ్గరి బంధువు హార్మోనియం. ఆర్గాన్‌లో గాలి గొట్టాలను పలికిస్తుంది. హార్మోనియంలో లోహపు రీడ్లను పలికిస్తుంది. పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ 1842లో పేటెంటు పొందిన ఈ వాద్యం భారతదేశానికి వచ్చి, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారి చేతిలో నేలపై కూర్చుని వాయించగల పెట్టెగా మారింది. ధార్వాడ, పార్సీ నాటక సమాజాల పర్యటనల ప్రభావంతో రూపుదిద్దుకున్న తెలుగు రంగస్థలంలో అది స్థిరపడింది. రెండు చేతులూ మెట్లపై ఆడించే వీలు కలిగించే లెగ్ హార్మోనియం నాటకానికి మరింత అనుకూలించింది.

2. పక్కవాద్యమా? సహపాత్రా?

పద్యనాటకంలో హార్మోనిస్టు చేసే మొదటి పని శ్రుతి ఇవ్వడం. నటులందరి శ్రుతి ఒకటి కాదు. ఒకరు నాలుగున్నర శ్రుతిలో పాడితే మరొకరు ఐదున్నరలో అందుకుంటారు. ఒకే రంగంలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరికీ హార్మోనిస్టు ఆధార షడ్జాన్ని మార్చి ఇవ్వాలి. నటుడు వచనం ముగించేలోపే పద్యానికి స్వరం సిద్ధంగా ఉండాలి.

రెండవ పని పద్యాన్ని విభజించడం. చంపకమాలలో పదకొండవ అక్షరం, ఉత్పలమాలలో పదవ అక్షరం యతిస్థానాలు. నటుడు ప్రతిసారీ యతి దగ్గరే ఆగడు. అన్వయాన్నిబట్టి, ఊపిరినిబట్టి, సభికుల స్పందననుబట్టి ఆగుతాడు. ఆ విరామాన్ని హార్మోనియం నింపుతుంది. నింపిన తీరునుబట్టి అది ఆలోచనగానో, ఆగ్రహంగానో సభకు అందుతుంది. కనుక ఛందస్సుకూ అభినయానికీ మధ్య జరిగే సర్దుబాటు వినిపించేది ఈ వాద్యంలోనే.

మూడవది, నాటకానికి కొనసాగింపు కల్పించడం. కాంట్రాక్టు నాటకంలో ఈ పని స్పష్టంగా కనిపిస్తుంది. వేర్వేరు ఊళ్లనుంచి వచ్చిన ప్రసిద్ధ నటులు రిహార్సల్ లేకుండానే ఒకే వేదికపై కలుస్తారు. ఒకే పాత్రను రంగాలవారీగా ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ఒకటో కృష్ణుడు దిగి రెండో కృష్ణుడు వచ్చినప్పుడు ముఖం, గాత్రం, శ్రుతి, బాణీ అన్నీ మారతాయి. మారనిది హార్మోనిస్టు ఒక్కడే. తెల్లవార్లూ సాగే ప్రదర్శనను ఒకే నాటకంగా నిలబెట్టే బాధ్యత అతనిపై పడుతుంది.

3. ఆక్షేపణలు – పరిశీలన

హార్మోనియం గమకాలను పలికించలేదన్న ఆక్షేపణ సంగీతశాస్త్రపరంగా కాదనలేనిది. ఆ కారణంతోనే 1940లో ఆలిండియా రేడియో ఈ వాద్యాన్ని నిషేధించింది. ఆ నిషేధం కొన్ని దశాబ్దాలు కొనసాగింది. నాటకరంగంలోపల బళ్లారి రాఘవ వంటి సహజాభినయ పక్షపాతులు మితిమీరిన గానాన్ని వ్యతిరేకించారు. రాగం సాగదీత పాత్రను మింగివేస్తుందన్న వారి వాదంలో నిజముంది.

అయితే ఈ రెండు ఆక్షేపణల లక్ష్యాలు వేరు. మొదటిది కచేరీ ప్రమాణంతో నాటకవాద్యాన్ని కొలిచింది. నాటకంలో గమకం నటుని గొంతులో ఉంటుంది. వాద్యం దానికి ఊతమిస్తుంది. రెండవది అతిగానాన్ని తప్పుపట్టింది. ఆ దోషంలో వాద్యానికీ భాగముంది. "వన్స్ మోర్" కేకకు లొంగి రాగాన్ని పెంచేదీ హార్మోనిస్టే. కాని పద్యం ముగియగానే స్వరాన్ని తగ్గించి నటుణ్ని వచనంలోకి దించగలిగేదీ అతడే. వాద్యాన్ని కాక, వాదకుని ఔచిత్యజ్ఞానాన్ని విమర్శ పరిశీలించి ఉండవలసింది.

4. అభిమానులు – నిర్వాహకులు

ఈ ప్రాంత నాటకాభిమానానికి ప్రముఖ ఉదాహరణ బందా కనకలింగేశ్వరరావు. కొల్లేటి అంచున ఉన్న ఆటపాకలో 1907లో జన్మించిన ఆయన ఏలూరులో న్యాయవాదిగా ఉంటూ శ్రీకృష్ణ పాత్రధారిగా ప్రసిద్ధి పొందారు. 1938లో ప్రభాత్ థియేటర్‌ను స్థాపించారు. కూచిపూడి నాట్యానికి శాస్త్రీయ గుర్తింపు కోసం, అక్కడి సిద్ధేంద్ర కళాక్షేత్రం కోసం కృషిచేశారు. వృత్తి వేరైనా కళకు సంస్థను నిర్మించవచ్చునని ఆయన జీవితం నిరూపిస్తుంది. కూచిపూడికి దక్కిన పాఠశాల, పాఠ్యక్రమం, పరీక్ష వంటి ఏర్పాట్లు నాటక హార్మోనియానికి దక్కలేదు.

తాడేపల్లిగూడెం మరొక కోణాన్ని చూపుతుంది. రంగస్థలంనుంచి సినిమాకు వెళ్లిన రేలంగి వెంకట్రామయ్య ఈ పట్టణంలో రేలంగి చిత్రమందిర్ నిర్మించారు. పాశ్చాత్య దేశాలలో టాకీ ఆర్గాన్‌ను హాలునుంచి వెళ్లగొట్టింది. తెలుగులో తొలి టాకీలు పద్యనాటకాన్ని, దాని సంగీతాన్ని తమలో కలుపుకున్నాయి. సినిమాకు పోగా మిగిలిన నాటకాన్ని పట్టణాలలో పరిషత్తు పోటీలు, కొల్లేటి గ్రామాలలో జాతరలు, శ్రీరామనవమి పందిళ్లు నిలబెట్టాయి.

ఈ రెండు వేదికల స్వభావం ఒకటి కాదు. పరిషత్తులో కాలపరిమితి ఉంటుంది. సాగదీత తగ్గి నాటకం బిగుస్తుంది. రాఘవ కోరిన మితం ఇక్కడ కొంత సాధ్యమైంది. జాతర వేదికకు గడియారం లేదు. అక్కడ హార్మోనిస్టు సమయస్ఫూర్తి వికసిస్తుంది. మితాన్ని మొదటిది, స్ఫూర్తిని రెండవది నేర్పాయి. రెండింటా ఆహ్వానపత్రికపై పెద్ద అక్షరాలు నటులవే.

5. పోలికలో తేలిన అంశం

ఆర్గాన్ అభిమానులు వాద్యాన్ని రక్షించారు. అది సేవించిన సినిమాహాలు జీవితం తిరిగి రాలేదు. అందువల్ల వారి కచేరీకి కొంత ప్రదర్శనశాల లక్షణం అబ్బింది. తెలుగు నాటకాభిమానులు ఇందుకు భిన్నంగా ప్రదర్శనను సజీవంగా ఉంచారు. వాద్యాన్నీ వాదకునీ విడిగా పట్టించుకోలేదు. నేడు ఎలక్ట్రానిక్ కీబోర్డు మీట నొక్కితే శ్రుతి మారుస్తుంది. మోయడం సులువు, తేమకు రీడ్లు చెడుతాయన్న బెంగ లేదు. అయితే తిత్తిలోని గాలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ నటుని ఊపిరితో పాటు స్వరాన్ని నడిపే నేర్పు ఆ మీటలో లేదు. ఆ నేర్పు గ్రంథస్థం కాలేదు. చూసి, విని, పక్కన కూర్చుని నేర్చుకున్నది. నేర్చేవారు లేనప్పుడు అది వాదకునితోనే ముగుస్తుంది.

6. ముగింపు

• పద్యనాటకంలో హార్మోనియం శ్రుతిని, విరామాన్ని, కొనసాగింపును నిర్వహించే సహపాత్ర.

• గమకలోపాన్ని ఆధారం చేసుకున్న ఆక్షేపణ కచేరీకి వర్తించినంతగా నాటకానికి వర్తించదు.

• ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల అభిమానులు నాటకాన్ని నిలిపారు. హార్మోనిస్టు విద్యకు శిక్షణ, నమోదు కల్పించడం మిగిలిన బాధ్యత.

• పరిషత్తులు ప్రదర్శనలను చిత్రీకరించేటప్పుడు ఒక కెమెరాను హార్మోనిస్టు చేతులపై ఉంచడం, విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలు ఆయా బాణీలను శ్రుతి, రాగ వివరాలతో నమోదు చేయడం తక్షణావసరం. పద్యపాఠం అచ్చులో మిగులుతుంది, నటుని గాత్రం రికార్డులో మిగులుతుంది. ఆ రెంటి నడుమ జరిగిన సంభాషణను భద్రపరచనిదే పద్యనాటక చరిత్ర సమగ్రం కాదు.