తాళం వేయని చిప్

చేతిలో పట్టుకుని ఆడే కంప్యూటర్ స్టీమ్ డెక్. దాని తొలి మోడల్ వీపు మీద ఎనిమిది స్క్రూలు ఉంటాయి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో ఊడొచ్చేవే. అవి తీసి, అంచు వెంట పలుచని ప్లాస్టిక్ ముక్క పోనిస్తే వెనక డొప్ప చేతికొస్తుంది. లోపల బ్యాటరీ, ఫ్యాను, వేడిని మోసుకెళ్లే రాగి గొట్టం, బొటనవేలంత ఎస్‌ఎస్‌డీ, లోహపు రేకు చాటున అసలు చిప్. అమెరికా కంపెనీ వాల్వ్ 2022 ఫిబ్రవరిలో ఈ యంత్రాన్ని కొన్నవాళ్లకు పంపడం మొదలుపెట్టింది. ఆ నెలలోనే దాని డొప్ప కొలతల ఫైళ్లను ఎవరైనా దించుకునేలా బయట పెట్టింది. విడిభాగాలు మరమ్మతు సామాన్లు అమ్మే ఐఫిక్సిట్ దగ్గర దొరుకుతాయి. విప్పితే వారంటీ పోతుందని స్టిక్కర్లు అంటించే ఈ రోజుల్లో, ఒక ఆటల యంత్రం తన లోపలిని ఇంత ధైర్యంగా చూపించడం నాకు ఎంతో నచ్చింది.

చిప్ చేసింది ఏఎండీ. ఒకే సిలికాన్ ముక్క మీద నాలుగు జెన్ 2 కోర్లు, పక్కనే ఆర్‌డీఎన్‌ఏ 2 తరానికి చెందిన గ్రాఫిక్స్ భాగం. అందులో 8 కంప్యూట్ యూనిట్లు, ఒక్కోదానిలో 64 లెక్కల వరసలు, మొత్తం 512. నాట్లు వేసే ఆడవాళ్లు ఒక్క మాటకు అందరూ వంగి, ఒకే అడుగు వెనక్కి వేసినట్టు, ఈ వరసలు గుంపులు గుంపులుగా ఒకే ఆదేశాన్ని వేర్వేరు పిక్సెళ్ల మీద ఒకేసారి నడిపిస్తాయి. గడియారం ఒక్కసారి కొట్టేలోగా ఒక్కో వరస ఒక గుణకారం, ఒక కూడిక చేస్తుంది. ఆ గడియారం సెకనుకు 160 కోట్ల సార్లదాకా కొడుతుంది. గుణించి చూడండి: సెకనుకు సుమారు 1.6 లక్షల కోట్ల లెక్కలు.

ఈ అంకె పెద్దదే కానీ గొప్పదనం అంకెలో లేదు. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 320 వాట్లు తాగుతుంది. డెక్‌లో కోర్లూ గ్రాఫిక్సూ కలిపి మొత్తం చిప్‌కు ఇచ్చింది 15 వాట్లు. ఆ 15లోనే అన్నీ సర్దాలి. ఇదే తరంలో ఏఎండీ 80 కంప్యూట్ యూనిట్ల కార్డు కూడా చేసింది. ఇక్కడ ఎనిమిదితో ఆగారు. కోర్లనూ నాలుగుకే పరిమితం చేశారు, గ్రాఫిక్స్‌కు కరెంటు మిగలాలని. తెరను 1280×800 దగ్గర ఉంచారు. అంటే పది లక్షల పైచిలుకు పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీలో సగం. ఏడంగుళాల తెర మీద ఆ తేడా కంటికి పెద్దగా ఆనదు, చిప్‌కు మాత్రం సగం పని తప్పుతుంది. మెమరీ దగ్గర చేయి బిగించలేదు. గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ లేదు కాబట్టి, ఉన్న 16 జీబీనే సెకనుకు 88 గిగాబైట్లు అందించేలా అమర్చారు. ఆ కాలపు మామూలు ల్యాప్‌టాప్ మెమరీ రెండు చానళ్లతోనూ 51 దాటేది కాదు. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ తగ్గకూడదో తెలిసిన చేయి ఇది.

2023 నవంబరులో ఓఎల్‌ఈడీ తెరతో కొత్త డెక్ వచ్చినప్పుడు ఆ చేయి మరోసారి కనిపించింది. చిప్‌ను 7 నానోమీటర్ల తయారీ పద్ధతి నుంచి 6కు మార్చారు, మెమరీ వేగం కొంచెం పెంచారు, బ్యాటరీ 40 వాట్‌అవర్ల నుంచి 50కి చేరింది. అయినా కోర్లు, కంప్యూట్ యూనిట్లు, గరిష్ఠ వేగం అన్నీ పాతవే. మిగిలిన కరెంటును తెరకూ, ఎక్కువసేపు ఆడుకోవడానికీ వదిలేశారు. ఏడాదికో కొత్త అంకె చూపించి అమ్ముకునే వ్యాపారంలో ఇది చిన్న నిగ్రహం కాదు.

చాలామంది గమనించని పనితనం ఇంకొకటి ఉంది. బరువైన ఆట సెకనుకు 60 ఫ్రేములు అందుకోలేనప్పుడు సాధారణంగా 30కి దించుతారు. 60 దగ్గర ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు, 30 దగ్గర 33.3. ఈ రెంటికీ సరిగ్గా మధ్యన ఉండేది 25 మిల్లీసెకన్లు, అంటే 40 ఫ్రేములు. 60 హెర్ట్జ్ తెర మీద 40 ఫ్రేములు చూపిస్తే కొన్ని ఫ్రేములు ఒకసారి, కొన్ని రెండుసార్లు కనబడి బొమ్మ తడబడుతుంది. అందుకని తొలి డెక్‌లో తెరనే 40 హెర్ట్జ్‌కు దించే వీలు పెట్టారు. 30 కంటే మూడో వంతు ఎక్కువ పనితోనే, 60కి వెళ్లే దారిలో సగం దూరం సాగిన నునుపు చేతికొస్తుంది.

చేతిలో పట్టే స్వేచ్ఛా కంప్యూటర్ల ముచ్చట డెక్‌తో మొదలవలేదు. 2005లో కొరియా నుంచి జీపీ2ఎక్స్ వచ్చింది, లినక్స్ మీద నడిచేది. 2010లో పాండోరా వచ్చింది, బుల్లి కీబోర్డుతో సహా. తమ యంత్రం తమ చెప్పుచేతల్లో ఉండాలని కోరుకున్నవాళ్లు వాటిని ప్రాణంగా చూసుకున్నారు. కానీ పాండోరాలోని పవర్‌వీఆర్ గ్రాఫిక్స్ చిప్ నడిచేది మూసిన డ్రైవర్‌తో. లోపల ఏం జరుగుతోందో చదవడానికి లేదు, దిద్దడానికీ లేదు. ఇల్లంతా తిరగనిచ్చి ఒక్క గదికి తాళం వేసిన పరిస్థితి అది. ఆటల యంత్రంలో ఆ గదే ముఖ్యం.

ఏఎండీ చిప్‌ల దగ్గర ఆ తాళం తీసింది మాత్రం ఏ ఒక్క కంపెనీయో కాదు. 2016లో వల్కన్ అనే గ్రాఫిక్స్ ప్రమాణం వెలువడింది. ఏఎండీ చిప్‌లకు స్వేచ్ఛా వల్కన్ డ్రైవర్ ఇస్తామని కంపెనీ మాటిచ్చి ఆలస్యం చేస్తుంటే, డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హౌజెన్ అనే ఇద్దరు డెవలపర్లు ఆగలేదు. ఏఎండీ ప్రచురించిన పత్రాలు, అప్పటికే ఉన్న స్వేచ్ఛా కోడ్ ఆధారంగా రాడ్‌వీ అనే డ్రైవర్ రాశారు. తర్వాత వాల్వ్ జీతమిచ్చిన ఇంజినీర్లు దానికి ఏసీఓ అనే కంపైలర్ కట్టారు. ఆటలోని షేడర్లను, అంటే గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రాములను, చిప్ భాషలోకి చకచకా దించడమే దాని పని. 2025లో ఏఎండీ తన సొంత స్వేచ్ఛా డ్రైవర్‌ను ఆపేసి రాడ్‌వీనే ముందుకు తీసుకెళ్తామని ప్రకటించింది. బయటివాళ్లు రాసిన పనికి చిప్ చేసినవాళ్లే ఇచ్చిన గౌరవమది.

విండోస్ కోసం రాసిన ఆటలు లినక్స్ డెక్ మీద ఎలా ఆడతాయి? ఫిలిప్ రెబోలే అనే డెవలపర్‌కు నియర్ ఆటోమాటా ఆటను లినక్స్‌లో ఆడాలని కోరిక పుట్టింది. డైరెక్ట్‌ఎక్స్ అనే విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకేని మొదలుపెట్టాడు. ఇలాంటి ముక్కలన్నీ విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడపడానికి 1993 నుంచి సాగుతున్న వైన్ ప్రాజెక్టుతో కలిపి వాల్వ్ 2018లో ప్రోటాన్ తెచ్చింది. దాని ఫలితం ఎల్డెన్ రింగ్ అనే ఆట విడుదలైనప్పుడు తెలిసింది. విండోస్ కంప్యూటర్ల మీద ఆ ఆట మధ్యమధ్య ఆగి ఆగి నడిచింది. ఒక్కో చోట వేలకొద్దీ చిన్న వస్తువులను ఒక్కసారిగా మెమరీలో సృష్టించడం డెక్ మీదా ఇబ్బంది పెడుతోందని వాల్వ్ బృందం కనిపెట్టి, వాటిని ముందే దాచుకుని తిరిగి వాడేలా ప్రోటాన్‌ను దిద్దింది. ఆట సొంతదారుల కోడ్ ముట్టుకోకుండానే ఆట బాగుపడింది. కింది అంతస్తులన్నీ తెరిచి ఉండటం వల్లే అది కుదిరింది.

అన్నీ తెరిచి ఉన్నాయని మాత్రం అనలేను. ఆటలు కొనే స్టీమ్ ప్రోగ్రాం మూసినదే, చిప్ లోపలి ఫర్మ్‌వేర్ కూడా. దొంగాటను పట్టే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోక ఫోర్ట్‌నైట్, వాలరెంట్ లాంటి ఆటలు డెక్‌లోని లినక్స్ అయిన స్టీమ్‌ఓఎస్ మీద నడవవు. అయినా కొన్నవాడికి ఇందులో ఉన్న చొరవ పెద్దది. సిస్టమ్ ఫోల్డర్లు మామూలుగా చదవడానికే, మార్చాలనుకుంటే ఒక్క కమాండ్ చాలు. మొత్తం తుడిచి విండోస్ వేసుకుంటానన్నా అడ్డు చెప్పదు, దానికి డ్రైవర్లూ వాల్వే ఇస్తుంది.

డెక్‌ను వాల్వ్ మన దేశంలో నేరుగా అమ్మలేదు. బయటి అమ్మకందార్ల ధర అందరికీ అందేది కాదు. కానీ అందులోని అసలు విద్య నేర్చుకోవడానికి డెక్ అక్కర్లేదు. ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే నడిచేది ఇదే రాడ్‌వీ. గ్రాఫిక్స్ నేర్చుకుంటున్న మన ఇంజినీరింగ్ విద్యార్థులకు నా మాట ఒకటే: రాడ్‌వీ, ఏసీఓ రెండూ ఉండే మేసా ప్రాజెక్టు కోడ్ దించుకుని అందులో ఏఎండీ ఫోల్డర్ తెరవండి. పక్కన ఏఎండీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఆర్‌డీఎన్‌ఏ 2 ఆదేశాల పుస్తకం పెట్టుకోండి. ఒక చిన్న షేడర్ రాసి, ఏసీఓ దాన్ని ఏ ఆదేశాలుగా మారుస్తోందో వరసగా చదవండి.