నీటి అడుగున తగవు

మా గాండ్లపెంటలో చెరువు నిండితేనే పండగ. అలాంటి ఊళ్ళో పుట్టినదాన్ని, సముద్రం అడుగున నడిచే కథ నాకేం ఎక్కుతుందిలే అనుకుంటూనే టీవీలో ‘ఘాజీ’ చూశాను. సంకల్ప్ రెడ్డి 2017లో తీసిన సినిమా. 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ. అది ఎలా మునిగిందో రెండు దేశాలూ రెండు రకాలుగా చెబుతాయి. సినిమా మూడో రకం చెప్పింది, పోనీయండి.

శత్రువుతో పోరుకన్నా మనవాళ్ళిద్దరి తగవే నన్ను కూర్చోబెట్టింది. కనబడితే పేల్చేద్దామంటాడు కెప్టెన్ రణ్‌విజయ్ (కేకే మీనన్). పైనుంచి ఆజ్ఞ రానిదే కూడదంటాడు అర్జున్ (రానా). ఆ ఇరుకు ఇనప గదుల్లో ఇద్దరి మాటా సబబుగానే తోస్తుంది. తీరా కెప్టెన్ పోయాక అర్జునూ ఆయన దారే పడతాడు. తగవు తేలలేదండీ, ఒక పక్షం చచ్చిపోయిందంతే!

మరి తాప్సీ? ఓడ మునిగి, ఓ పసిబిడ్డతో సహా సముద్రంలోంచి బయటపడిన శరణార్థి. యుద్ధం మామూలు మనుషుల్ని ఏం చేస్తుందో అక్కడ చెప్పగలిగింది ఆమే. ఈ తగవులో ఆమెను ఒక్క మాట అడగరే! మూలన కూర్చోబెట్టి బెదురు చూపులు చూడమన్నారు.

మా అత్తగారు మాత్రం ఆఖరిదాకా, “ఆ బిడ్డకు ఎవరన్నా ఇంత అన్నం పెట్టినారా లేదా?” అని అడుగుతూనే ఉన్నారు.