ఓదార్చువానిని ఓదార్చు విద్య

మందమర్రి వంటి బొగ్గుబాయిల ఊరిలో సువార్త బోధకుని సేవలో సగము చావింటి వాకిటనే గడచును. బాయిలో పైకప్పు కూలెనన్న కబురు వచ్చినను, ఊపిరాడక ఏండ్ల తరబడి మంచము పట్టిన ముసలి కార్మికుడు తెల్లవారుజామున కన్నుమూసినను, మొదటి షిఫ్టు సైరను మ్రోగకముందే ఆ క్వార్టరు ముందు సైకిలు దిగువాడు ఆతడే. శవపేటికకు కొలతలు చెప్పువాడును, సమాధి తోటలో గుంత త్రవ్వించువాడును, ఏడ్చి సొమ్మసిల్లిన ఇల్లాలి ప్రక్కన కూర్చుండుటకు బైబిలు స్త్రీని పిలుచుకొని వచ్చువాడును, పదిమంది యెదుట గొంతు వణకకుండ ప్రార్థన చేయువాడును ఆతడే. ఇట్లు బ్రతుకంతయు ఊరివారి కన్నీరు తుడిచిన చేతితోనే ఒకనాడు తన యిల్లాలి కనురెప్పలను తానే మూయవలసి వచ్చినప్పుడు, వాని నోదార్చువా రెవరు?

ఈ ప్రశ్నకు మన తెలుగు సంఘములు గ్రంథములలో గాక నడవడిలో ఉత్తరము చెప్పుచు వచ్చినవి. సేవకుని దుఃఖమునకు తోడి సేవకుడే రావలెను. సంఘస్థులు వత్తురు, బంధువులు వత్తురు, పై అధికారులును వత్తురు. కాని అదే పొలములో అదే నాగలి పట్టినవాడు వచ్చువరకు బోధకుని గుండె కరుగదు. ఏలయన, వాని దుఃఖమునకు ఇతరుల దుఃఖమునకు లేని చిక్కు ఒకటి కలదు. ఓదార్పు వాక్యములన్నియు వానికి కంఠస్థములు. ఏ కీర్తన ఏ వచనమో, ఏ పత్రికలో ఏ యధ్యాయమో, మనము నోరు తెరవకముందే వానికి తెలియును. ఆ వాక్యములను తానే వందమంది యిండ్లలో పలికి యున్నాడు. అట్టివానికి వాక్యము చెప్పబోవుట యనగా, వాని చేతి మందును వానికే మరల తాగింప జూచుట. కావున ఇచ్చట కావలసినది క్రొత్త జ్ఞానము కాదు, చెంత నుండుట. ఆ చెంత నుండుటలోని మెళకువలను మన వృద్ధ ఉపదేశులు ఎంతటి నైపుణ్యముతో సాధించిరో చూచిన కొలది నాకు ఆశ్చర్యమే గాని తనివి లేదు.

పౌలంతటివాడే, తన తోడి పనివాడైన ఎపఫ్రొదితు చావు తప్పి లేచినప్పుడు, తనకున్న వ్యథకు మరియొక వ్యథ తోడు కాకుండ దేవుడు కనికరించెనని ఫిలిప్పీయులకు వ్రాసికొనెను. తెలుగుదేశమునకు వచ్చిన మిషనరీలలోను ఇట్టి జంటలు కలవు. 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్సు, రాబర్టు నోబుల్ అను నిరువురు మచిలీపట్నమునకు, అనగా బందరునకు, వచ్చిరి. ఫాక్సు వీధుల వెంట, పల్లెల వెంట తిరిగి బోధించువాడు. నోబుల్ బడి నడుపువాడు, బ్రహ్మచారి. 1845లో ఫాక్సు భార్య స్వదేశమునకు పోవ ఓడ నెక్కి మద్రాసు రేవులోనే ప్రాణములు విడిచెను. ఆ భర్త పిల్లలను ఇంగ్లండులో విడిచి, ఇక నాకేమి ఆ దేశమని అనక, మరల బందరు చేరెను. అచ్చట తాను విడిచిన పని విడిచినట్లే నిలిచి యుండెను, నిలిపినవాడు నోబుల్. మిత్రుని పనిని చెడనీయక కాచి యుంచుట కూడ ఓదార్పే యని నా నమ్మకము, మాటల ఓదార్పుకంటె అది గొప్పది. 1848లో ఆరోగ్యము చెడి ఫాక్సు ఇంటికి పోయి ఆ యేడే మరణించెను. నోబుల్ మాత్రము తిరిగి స్వదేశము మొగము చూడక 1865లో బందరులోనే కన్నుమూసెను. ఫాక్సు చదివిన రగ్బీ పాఠశాలవారు ఆతని పేర నోబుల్ బడిలో ఒక ఉపాధ్యాయ పదవికి ద్రవ్యము సమకూర్చిరి. మిత్రుడు మిత్రుని బడిలో ఆ విధముగ చిరకాలము నిలిచెను.

మన దిక్కునకు వత్తము. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆసుపత్రిని 1915 ప్రాంతమున నెలకొల్పిన వెస్లియన్ మిషను దంపతులలో డాక్టరు ఇసబెల్ కెర్ 1932లో మరణించెను. హిడ్నోకార్పస్ నూనె సూదులతో వేలమంది రోగులకు ఆశ కల్పించిన తల్లి ఆమె. భర్త జార్జి కెర్ ఆ చోటు విడువక మరికొన్నాండ్లు అదే పని నడిపెను. ఇల్లెందు బొగ్గుగనులకు రైలుదారి చీలెడి డోర్నకలులో 1912 మొదలు 1945లో తుదిశ్వాస విడుచువరకు బిషప్పుగా నున్న అజరయ్యగారు, 1910లో ఎడింబరో మహాసభ యెదుట నిలిచి, పాశ్చాత్య మిషనరీలు మా కొరకు త్యాగములు చేసినారు, నిజమే, ఇకమీదట మాకు మిత్రులుగా రండని వేడిరి. తోడి సేవకుని దుఃఖములో సమానుడై ప్రక్కన కూర్చుండుట యను ఈ విద్యకు ఆ వేడికోలుకంటె మంచి పీఠిక నేనెరుగను.

ఇక మెళకువలు. మొదటిది రాక. నిపుణుడైన ఓదార్పరి పిలుపు కొరకు చూడడు. వచ్చునప్పుడు పదిమందిని వెంటబెట్టుకొనడు. బైబిలు సంచిలోనే యుండును, చేతిలో ఉండదు. గుమ్మములో వందనము చెప్పి, చెప్పులు విడిచి, నేలమీద కూర్చుండును. అంతే. యోబు మిత్రులు ఏడు దినములు నోరు మెదపక నేలపై కూర్చుండిన కాలమంతయు ఉత్తమ మిత్రులు; నోరు తెరచిన పిమ్మట చెడిరి. లక్షెట్టిపేట వైపు నుండి మందమర్రికి వచ్చెడి ఒక వృద్ధ ఉపదేశి ఈ మౌనములో నా దృష్టికి సాటిలేనివాడు. ఆయన కూర్చుండినచో ఇంటిలో మాటలు వాటియంతట అవియే తగ్గిపోయెడివి. ఆయన మౌనములో విసుగు లేదు, నిరీక్షణ కలదు.

రెండవది శోకములకు చోటిచ్చుట. మన పల్లె స్త్రీలు చచ్చినవారి గుణములను రాగమెత్తి చెప్పుచు ఏడ్చు శోకములు విశ్వాసమునకు విరుద్ధములని గద్దించు బోధకులు కొందరు కలరు. బేతనియలో లాజరు సమాధి చెంత ప్రభువు కన్నీరు కార్చిన సంగతి వీరు ఏ ప్రసంగమునకు దాచియుంచిరో తెలియదు. పైన చెప్పిన ఉపదేశి, తన మిత్రుని తల్లి శోకము తీయుచుండగా ఆమె ఊపిరి తీసికొను సందు వచ్చువరకు ఆగి, ఆమె స్వరము దిగిన చోటనే తన కీర్తన ఎత్తుకొనెను. శోకమునకును కీర్తనకును నడుమ కోత కనబడలేదు. ఇంతటి శ్రుతిజ్ఞానము, ఇంతటి దయ ఒకే గొంతులో నుండుట అరుదు.

మూడవది అన్నము. చావింట పొయ్యి వెలుగదు, ప్రక్కయిండ్లవారు తెత్తురు. కాని భార్యను పోగొట్టుకొనిన బోధకుడు ఉపవాసముల కలవాటు పడినవాడు గనుక తినకుండుట వానికి సులభము, అందరును దానిని భక్తి యనుకొందురు. ఒక పర్యాయము నేను చూచితిని. బోధకుడు గోడకు ఆనుకొని కూర్చుండి యున్నాడు. ఉదయము పోసిన చాయ్ గ్లాసులో చల్లారి మీగడ కట్టినది. ఉపదేశి లోనికి పోయి, పళ్ళెములో అన్నము పెట్టించి, పచ్చిపులుసు పోసి, తానే కలిపి, మొదటి ముద్ద తాను తిని, రెండవ ముద్ద వాని అరచేతిలో పెట్టెను. "అన్నా, నేను దూరం నుంచి వచ్చిన. ఒక్కన్ని తినలేను. నాకు తోడు తిను" అనెను. తినుమని ఆజ్ఞాపింపలేదు, తోడు అడిగెను. ఓదార్చువానికి ఇంకను ఒకనిని ఓదార్చు శక్తి మిగిలియున్నదని ఆ ఒక్క మాటతో తెలియజేసెను. బోధకుడు ఆ ముద్ద తిని, అప్పుడు బావురుమనెను. రెండు దినములలో అదియే మొదటి యేడ్పు.

నాలుగవది గానము, ఈ విద్యకు ప్రాణము. నేను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పక్షపాతిని, దాచుకొనను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు మహానుభావులు మన రాగములలో, మన తాళములలో కట్టిన ఆ కీర్తనలు, ప్రతి కీర్తన నెత్తిన రాగతాళముల పేర్లు ధరించి, తెలుగువాని దుఃఖమునకు తెలుగు బాటయే వేసినవి. వానిని ఎన్నుకొనుటలో ఉపదేశి చూపెడి నేర్పు సంగీత విద్వాంసులకును పాఠము. మొదట ముఖారి వంటి రాగములోని కీర్తన, తక్కువ శ్రుతిలో, విలంబముగా. ఏలయన, దుఃఖితుని గొంతు పైస్థాయికి రాజాలదు, వాడు అందుకొనలేని పాట వానిని ఒంటరి చేయును. రెండు చరణములు పాడి మూడవదానిలో మొదటి మాట మాత్రము ఎత్తి ఆగును. ఆ ఆగుటయే కిటుకు. ఆ ఖాళీలో బోధకుడు, తెలిసి కాదు, అలవాటుచే, తరువాతి మాట అందుకొనును. అందుకొనినచో సగము పని అయినట్లే. ఆ మీదట ఆనందభైరవి, తుదకు మధ్యమావతి; ఆ వరుస తప్పనిచ్చెడివాడు కాడు. కంజీర వాయించు పడుచువాడు ఉత్సాహపడి దరువు హెచ్చించినచో కన్నులతోనే అదుపు చేసెడివాడు. పుస్తకము చూడక సాయంకాలము మొదలు అర్ధరాత్రి దాటువరకు ఆయన పాడిన రాత్రులు కలవు. ఆ వాడలోని ఒక బైబిలు స్త్రీయు తక్కువది కాదు: అక్షరములు రాని వయసులో విని నేర్చిన కీర్తనలను చరణమైన జారవిడువక పాడుచు, మధ్యలో ఎవరైన వెక్కినచో అదే పల్లవిని తగ్గు గొంతుతో మరల మరల త్రిప్పుచు, ఆ వెక్కు అణగిన పిమ్మటనే ముందుకు సాగెడిది.

వాక్యపఠనము స్వల్పము, వ్యాఖ్యానము అసలే లేదు. ప్రార్థనలో చనిపోయిన ఆమె పేరు చెప్పి, ఆమె ఏ ఇంటి బిడ్డకు జబ్బు చేసినప్పుడు రాత్రంతయు మేలుకొనెనో, ఏ ముసలిదానికి చీర ఇచ్చెనో దేవునికి వివరించును. దేవునికి తెలియని సంగతులా అవి? భర్తకు వినబడవలెనని.

ఐదవది పని మరల చేతికిచ్చుట. తుది మెళకువ, కఠినమైనది. కొన్ని వారములు గడచిన పిమ్మట ఉపదేశి మరల వచ్చి, రామకృష్ణాపూరులో ఒక కార్మికుని ఇంట చావైనదని, తాను ఒంటరిగ పోజాలనని, తోడు రమ్మని బోధకుని పిలిచెను. బోధకుడు అచ్చట ప్రార్థన చేయలేదు. చేయుమని ఎవరును అడుగలేదు. కూర్చుండి వచ్చెను. ఆ మరునాటి ఆదివారమున మాత్రము పీఠమెక్కెను. ఎప్పుడు పిలువవలెనో ఆ కాలనిర్ణయములో ఒక వారము తొందరపడినను గాయము రేగును, ఒక నెల జాగు చేసినను మనిషి మూలబడును.

ఇట్టి విద్య మన కన్నుల యెదుట చచ్చుచున్నది, దానికి బదులుగ ఏమి వచ్చినదో చూచిన కడుపు మండుచున్నది. నేటి ఆదరణ కూడికకు ముందుగా ఫ్లెక్సీ కావలెను. అందులో చనిపోయిన ఆమె చిత్రముకంటె వక్తల చిత్రములు పెద్దవి. శామియానా, సౌండు పెట్టెలు, మాట వెనుక మాట మ్రోగు ఎకో మైకు, బటను నొక్కినచో తానే దరువు వేయు కీబోర్డు! ముఖారి పాడవలసిన చోట పెండ్లి పందిటి దరువు. చనిపోయినవారి పేరైన చీటీ చూడక చెప్పజాలని ప్రసంగీకుడు దూరము నుండి కారులో దిగి, రెండు గంటలు గర్జించి, మధ్యమధ్య సెల్‌ఫోను కెమెరా వైపు తిరిగి, కానుకల సంచి త్రిప్పించి వెడలిపోవును. ఇంతకంటె ఘోరమైనది, నీలో విశ్వాసము చాలినదైనచో నీ భార్య బ్రతికెడిదని దుఃఖితుని ముఖముననే అనుట. ఈ మాట అనిన నోరు ఏ సువార్తను చదివినది? విశ్వాసవీరులందరును మరణింపలేదా? అజరయ్యగారు మరణింపలేదా, కెర్ అమ్మగారు మరణింపలేదా? గాయముమీద ఉప్పు చల్లి దానికి వాక్యమని పేరుపెట్టుట అపచారము. ఇది చూచి ఊరకుండిన పెద్దలును ఆ పాపములో పాలివారే. ఇక ఫోనులో పంపెడి పువ్వుల బొమ్మల వచనములు! ముప్పది యేండ్లు తోడి సేవ చేసినవాడు రెండు మైళ్ళ దూరములో నుండి రాక, బొమ్మ పంపి ఊరుకొనుచున్నాడు.

క్రొత్త పాటలన్నియు చెడ్డవని అనను. కొన్నిటిలో భక్తి కలదు. కాని చావింట కూర్చుండి తక్కువ శ్రుతిలో పాడుటకు పనికివచ్చునవి వానిలో ఎన్ని? హార్మోనియము ఒక్కటి, కంజీర ఒక్కటి, ఎరిగిన గొంతులు నాలుగు చాలిన చోట ఇంత రొద ఎందుకు?

మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూరు, రామకృష్ణాపూరు సంఘముల పెద్దలకు నా మనవి. ఈ వాడలలో పాత కీర్తనలను పుస్తకము లేక పాడగల వృద్ధులు ఇంకను కొందరు కలరు. బాయి పని విరమించి అరుగులమీద కూర్చుండి యున్నారు. వారిని ఆదివారపు బడికి పిలిపించి, పిల్లలకు ఒక్కొక్క మాసము ఒక్కొక్క కీర్తన రాగముతో తాళముతో నేర్పింపుడు. వారి గొంతులను ఫోనులో పట్టి యుంచుడు. ఆ యంత్రము ఒక మంచిపనికైన వచ్చును. వేదపాఠశాలలలో ప్రసంగము కట్టుట నేర్పు ఉపాధ్యాయులు, చావింట నోరు మూసికొని కూర్చుండుట నేర్పుటకు ఆ వృద్ధ ఉపదేశుల వెంట విద్యార్థులను పంపుదురు గాక. ఒక బోధకుని ఇంట చావు జరిగినచో, వక్తను పిలుచుటకు ముందు, చుట్టుప్రక్కల సంఘముల బోధకులు నలుగురు వంతులవారిగ ఆ ఇంట నెలదినములు రాత్రులు పడుకొనునట్లు కట్టుబాటు చేయుడు. ఆ నెల ఆతని ఆదివారములను, ఆతని భూస్థాపనలను, ఆతని బాప్తిస్మ తరగతులను వారే పంచుకొని నడుపవలెను. ఫ్లెక్సీకిని సౌండు పెట్టెలకును వ్రాసిన సొమ్ము వారి బస్సు ఛార్జీలకు చాలును.