సూత్రం కన్నా ముందు మాట: తెలుగు క్రైస్తవ వివాహంలో చర్చి పాత్ర

తెలుగు క్రైస్తవ వివాహాన్ని గురించిన చర్చ తరచుగా మంగళసూత్రం దగ్గరే ఆగిపోతుంది. ఉంగరం పాశ్చాత్యమా, శిలువ గుర్తు గల సూత్రం దేశీయమా, రెండూ కలిస్తే సమన్వయమా అన్న ప్రశ్నలు అలవాటుగా వస్తాయి. అవి కంటికి కనిపించేవి కనుక పరిశీలకుల దృష్టి వాటిపై పడడం సహజం. అయితే ఈ వివాహానికి ప్రాణమైనది చెవికి వినిపించేది. అది వధూవరులు పలికే ప్రమాణం.

1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం 60వ సెక్షను దీనికి ఆధారం. లైసెన్సు పొందిన వ్యక్తి ఎదుట, విశ్వసనీయులైన మరో ఇద్దరు సాక్షుల సమక్షంలో, దేవుని ముందు ఇద్దరూ ఒకరితో ఒకరు ఆ మాట చెప్పాలి. ఆ సెక్షనులో ఉంగరం ఊసు లేదు, సూత్రం ఊసూ లేదు. ఇద్దరి వాక్యమూ ఒక్కటే. భార్య, భర్త అన్న పదాలే మారతాయి. కన్యాదాన సంకల్పంలో దాత తండ్రి. ఇక్కడ వధువు తన వాక్యానికి తానే కర్త. తండ్రి చేయి పట్టుకొని వేదిక దాకా నడిపించే ఆచారం చర్చిలోనూ ఉన్నమాట నిజమే గాని, ఆ నడక ముగిశాక పలకవలసింది ఆమే.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని వివాహ గీతాలతో పోల్చితే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. రాగతాళాలతో కూడిన ఆ పాటలు దీవెన స్వభావం గలవి. వాటిలో దంపతులు తరచుగా ‘వీరు’. ప్రమాణంలో మాత్రమే ‘నేను’. సాహిత్య దృష్టితో చూస్తే ఆరాధనక్రమంలో అత్యంత నాటకీయమైన మలుపు ఈ సర్వనామ మార్పే.

ఆ ‘నేను’ను వినే బాధ్యత సంఘానిది. అనేక ప్రొటెస్టెంటు సంఘాలలో పెళ్ళికి ముందు ఆదివారాలలో వివాహ ప్రకటన చదువుతారు. అభ్యంతరం చెప్పే హక్కు చివరి వరుసలో కూర్చున్న వ్యక్తికీ ఉంటుంది. అందువల్ల చర్చిని కేవలం వేదికగా లెక్కించడం పొరపాటు. ఆ పొరపాటును సంఘాలే చేస్తున్న సందర్భాలూ లేకపోలేదు. సభ్యత్వ చందా బాకీ తీర్చనిదే ప్రకటన చదవబోమన్నప్పుడు సాక్ష్యం సేవగా మిగలదు, రుసుముగా మారుతుంది. దాని భారం మొదట పడేది కూలి కుటుంబాల మీదనే.

మరోవైపు ఫంక్షన్ హాలులో జరిగే పెళ్ళిలో అయ్యగారు వస్తారు, వాక్యం చదువుతారు, చట్టపు లాంఛనం నెరవేరుతుంది. కాని ప్రమాణ సమయానికి కెమెరాలు వేదికను కమ్ముకుంటాయి, అతిథులు భోజనాల వైపు కదులుతుంటారు. సూత్రధారణ వేళ చప్పట్లు మోగుతాయి. అంతకు కొద్ది నిమిషాల ముందు ఆమె పలికిన మాట మైకు దాటి ఎంతమందికి చేరిందో వీడియోలో వెతుక్కోవలసిందే.