గిల్బర్టు చూచిన సూదంటురాయి

ఇనుమును లాగు నల్లరాతికి మనవారు సూదంటురాయి అని పేరు పెట్టినారు. సూది వచ్చి అంటుకొను రాయి. పేరులో వింత యున్నదే గాని కల్పన లేదు. కల్పనలన్నియు రాతిచుట్టు తరువాత అల్లుకొన్నవి. వెల్లుల్లి పూసినచో దాని శక్తి నశించునని ఐరోపా పండితులు శతాబ్దాలపాటు వ్రాసిరి. సముద్రములోని అయస్కాంత శిలలు ఓడల మేకులను ఊడబెరుకునని మరొక కథ. భోజుని పేర నున్న ‘యుక్తికల్పతరువు’ కూడ సముద్రముపై పోవు ఓడల పలకలకు ఇనుప బంధములు తగవని హెచ్చరించినది. కనుక నవ్వదలచినవారు పాశ్చాత్యులను మాత్రమే చూచి నవ్వనక్కరలేదు.

ఇట్టి కథలను పరీక్షకు నిలిపిన గ్రంథము 1600లో లండనులో లాటిను భాషలో వెలువడిన ‘డి మాగ్నెటె’. రచయిత విలియం గిల్బర్టు, వృత్తిచే వైద్యుడు. వజ్రముతో రుద్దిన ఇనుము ఉత్తరమునకు తిరుగునని ఇటలీ దేశస్థుడు పోర్టా వ్రాసియుండగా, గిల్బర్టు పలువురి యెదుట 75 వజ్రములతో ప్రయత్నించి, అది నిజము కాదని తేల్చినాడు. ఒక్క వజ్రముతో ఊరకుండక 75 తెప్పించుటలోనే ఈ గ్రంథకర్త స్వభావము తెలియును.

గ్రంథమునకు ప్రాణమైన భాగము వేరు. సూదంటురాతిని బంతివలె గుండ్రముగా చెక్కించి, దానికి ‘చిన్న భూమి’ అని పేరిడి, దానిపై సన్నని ఇనుప సూదిని జరుపుచు చూచినాడు. ధ్రువములవద్ద సూది నిటారుగా నిలిచినది, మధ్యరేఖపై పడుకొన్నది, నడుమ వాలినది. దిక్సూచి ముల్లు క్రిందికి వాలుట రాబర్టు నార్మను 1581లోనే ప్రకటించినాడు. రెండింటిని కలిపి, భూమియే ఒక పెద్ద అయస్కాంతమని గిల్బర్టు నిర్ణయించినాడు. తన క్రొత్త ప్రయోగములకు, వాని ప్రాముఖ్యమునుబట్టి, పుట అంచున చిన్నవి, పెద్దవి నక్షత్రపు గుర్తులు వేసికొన్నాడు. కొంత గర్వమే, కాని పాఠకునికి మేలు చేసిన గర్వము.

పూర్వులయెడ అతడు అంత ఉదారుడు కాడు. నార్మనును మెచ్చినాడు గాని పోర్టాను చులకన చేసినాడు. వెల్లుల్లి కథను స్వయముగా పరీక్షించి, అబద్ధమని 1589 నాటి గ్రంథములో వ్రాసినవాడు ఆ పోర్టాయే!

ఎర్రగా కాల్చిన రాయి శక్తిని కోల్పోవుటను గిల్బర్టు గమనించినాడు. ఈ రాయి మాగ్నటైటు అను ఇనుప ఆక్సైడు. సుమారు 580 డిగ్రీల సెంటీగ్రేడువద్ద అది ఆ గుణమును విడుచునని నేడు తెలియును. మాగ్నటైటంతయు అయస్కాంతమునకు అంటుకొనును. తానై ఇనుమును లాగునది అరుదు. పిడుగు పడిన చోటి ఖనిజమునకే ఆ శక్తి అబ్బునని నేటి శాస్త్రజ్ఞులు పలువురి అభిప్రాయము.

ఆరవ భాగమునకు వచ్చుసరికి గ్రంథము పట్టు సడలినది. గుండ్రని సూదంటురాయి తనంత తాను దినమునకొక చుట్టు తిరుగునని 1269లో పెరెగ్రినసు వ్రాసెను. తాను అట్టిది చూడలేదని, సందేహమే యున్నదని గిల్బర్టు నిజాయితీగా చెప్పినాడు. అయినను భూమి తిరుగుట అయస్కాంత శక్తివలననే యని అక్కడనే వాదించినాడు! బంతి తిరుగనప్పుడు భూమి ఏల తిరుగును? ఈ ప్రశ్నకు అతని గ్రంథములో ప్రయోగము లేదు. నక్షత్రపు గుర్తులు వేసిన చేయి ఇచట ఊహపైననే ఆధారపడినది.

ఒకచోట ముల్లు ఉత్తరమునుండి ఎంత తొలగునో ఆ తొలగుట ఎన్నటికిని మారదనియు వ్రాసినాడు. లండనులో 1580లో సుమారు 11 డిగ్రీలు తూర్పునకున్న ముల్లు 1634లో సుమారు 4 డిగ్రీలకు వచ్చినట్లు గెల్లిబ్రాండు కొలిచి, మరుసటి యేడు ప్రకటించినాడు. గిల్బర్టు గ్రంథము అచ్చయి అప్పటికి 35 సంవత్సరములే.